పులివెందుల జేబులో మడత చాకు

పులివెందుల నుంచి వేంపల్లె రోడ్డు పట్టుకున్నా, లింగాల వైపు తిరిగినా రెండు పక్కలా అరటితోటలు, మధ్యమధ్యలో చీనీతోటలు. పొద్దున ఏడింటికి ఏదో ఒక తోటలోకి పోయి, అక్కడున్న పెద్దాయన్ని "చాకుందా?" అని అడిగి చూడండి. ఎందుకని కూడా అడక్కుండా జేబులోంచి తీసి ఇచ్చేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. మడిస్తే అరచేతిలో దాగిపోయే చిన్న చాకు. డ్రిప్పు పైపు కోయాలన్నా, ఎరువు బస్తా మూతి కుట్టు తెంచాలన్నా, అరటిచెట్టుకు ఊతంగా కట్టిన ప్లాస్టిక్ పట్టీ తీసేయాలన్నా, ఎండనపడి వచ్చినోళ్ళకు చీనీకాయ కోసి పెట్టాలన్నా అదే. గెల నరకడానికి కొడవలి వేరే ఉంటుంది. ఆ పని దీనిది కాదు.

ఈ అలవాటుకే ఇప్పుడు యూట్యూబ్‌లో 'ఎవ్రీడే క్యారీ' అని పేరు. నల్లటి టేబుల్ మీద టార్చి, వాచీ, పర్సు, మడత చాకు వరసగా పేర్చి, వెనకాల సన్నగా మ్యూజిక్ పెట్టి చూపిస్తుంటారు. మా చిన్నాయనకు ఒకటి చూపిస్తే రెండు నిమిషాలు ఓపిగ్గా చూసి, "చాకుతో ఏం కోసినాడ్రా ఇంతకీ?" అన్నాడు. నిజమే, ఆ వీడియోలో పన్నెండు నిమిషాలున్నా ఏదీ కోయలేదు.

బెంగళూరులో మా టీమ్‌లో నాది పులివెందుల అని తెలిసిన రోజే ఒకడు "అయితే జేబులో కత్తి ఉంటుందా?" అని నవ్వాడు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర... ఆ సినిమాలు చూసి పెరిగినవాళ్ళకు మా ఊరి పేరు వినగానే సుమోలు గాల్లోకి లేస్తాయి. ఉంటుందని చెప్పాను. ఆరు సెంటీమీటర్ల బ్లేడు, నారింజకాయ ఒలుచుకోవడానికి. చట్టం సంగతికొస్తే, ఆయుధాల నిబంధనల్లో లెక్కకొచ్చేవి బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులు. అందులోనూ ఇంటిపనికి, సేద్యానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. విమానం ఎక్కేటప్పుడు మాత్రం చేతి సంచిలో ఉంచుకోకండి, చెక్-ఇన్ బ్యాగులో పడేయండి.

ఇక అసలు సంగతి. పోయిన నెల చిన్నాయన డ్రిప్పు లేటరల్ కోస్తుంటే చాకు దానంతటదే మూసుకుని చూపుడువేలు తెగింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ చాకు మా జేజినాయనది. మా అక్క పుట్టిన ఏడాది, అంటే 1992 శ్రావణమాసంలో, గండి ఆంజనేయస్వామి దగ్గర శనివారం తిరనాళ్ళలో కొన్నాడని ఇంట్లో చెప్తారు. పాపాఘ్ని కొండను చీల్చుకుని బయటపడే చోట ఆ గుడి ఉంటుంది. స్వామి రూపాన్ని రాముడు బాణం మొనతో రాతి మీద గీశాడని స్థలపురాణం. ఆ నమ్మకంతోనో ఏమో, అక్కడ కొన్న ఇనుప సామాను మంచిదని జేజినాయన అనేవాడట.

"ముందు ఆ దరిద్రాన్ని బాయిలో పారేయ్. ఇంగోటి కొనుక్కుంటే ఎవురన్నా వద్దంటారా?" అని చిన్నమ్మ.

"మా నాయనది. ఏమిటికి పారేస్తా?" అని చిన్నాయన.

మధ్యలో నేను. శనివారం ఖాళీగా ఉన్నందుకు పని నా నెత్తిన పడింది. దీన్ని బాగుచేయొచ్చో లేదో తేల్చాలి. బాగుపడకపోతే చిన్నమ్మ మాటే చెల్లుతుంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్ కోసం కొన్న వెర్నియర్ కాలిపర్ ఇంట్లో ఇంకా ఉంది. దాంతో కొలిచాను. పిడిలో బ్లేడు దాక్కునే గాడిని బట్టి చూస్తే అసలు వెడల్పు 16 మిల్లీమీటర్లు ఉండాలి. ఇప్పుడున్నది 9. అంటే 33 ఏళ్ళలో 7 మిల్లీమీటర్లు నూరుడుకే పోయింది. జేజినాయనా, ఆ తర్వాత చిన్నాయనా ప్రతి ఆదివారం నూరారనుకుంటే దాదాపు 1,700 సార్లు. ఒక్కోసారికి 4 మైక్రాన్ల చొప్పున! ఇదే లెక్కన ఇంకో 5 మిల్లీమీటర్లు అరిగేదాకా బ్లేడు పనికొస్తుంది. అంటే ఇంకో 23 ఏళ్ళు. చిన్నాయనకిప్పుడు 54. ఆయనకు 77 వచ్చేదాకా ఉక్కుకు ఢోకా లేదు. ఢోకా అంతా ఇరుసు దగ్గరే.

మడత చాకు గురించి ఎవరిని అడిగినా ముందు ఉక్కు గురించే మాట్లాడతారు. ఏ గ్రేడు, రాక్‌వెల్ గట్టిదనం ఎంత అని. అవి అనవసరమని నేననను. స్విట్జర్లాండ్‌లో 1884లో మొదలైన విక్టోరినాక్స్ వాళ్ళ జేబు చాకుల్లో ఉక్కు గట్టిదనం సుమారు 56 రాక్‌వెల్. 60 దాటిన ఖరీదైన ఉక్కు పదును ఎక్కువ రోజులు నిలుపుకుంటుంది గానీ, రాయికి తగిలితే అంచు పెచ్చు లేస్తుంది, మామూలు రాయి మీద నూరబోతే మన చేతులు పడిపోతాయి. మెత్తటి ఉక్కు తొందరగా మొద్దుబారుతుంది, తొందరగానే దారికొస్తుంది. తోటపనికి నా ఓటు మెత్తదానికే. క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే స్టెయిన్‌లెస్ అంటారు. జేజినాయన చాకు ఆ రకం కాదు, పాత కార్బన్ ఉక్కు. చీనీ పులుపుకు, అరటి జిగురుకు బ్లేడంతా బూడిదరంగుకు తిరిగింది. చూడ్డానికి బాగోదు. కానీ ఆ పొర తుప్పు కాదు, లోపలి ఉక్కును కొంతవరకు కాపాడేది కూడా అదే.

మా తమ్ముడు (చిన్నాయన కొడుకు) ఆన్‌లైన్‌లో 399 రూపాయలకు ఒకటి తెప్పించాడు. బ్లేడు నిండా అలలు అలలుగా గీతలు, మీద 'డమాస్కస్' అని రాత. ఎనిమిది నెలలకే దాని లాక్ అరిగిపోయి, తెరిచాక నొక్కితే మూసుకోవడం మొదలైంది. గీతలు కూడా పైపైన అచ్చేసినవే, నాలుగుసార్లు నూరేసరికి అంచు దగ్గర మాయం. అసలు డమాస్కస్ కత్తుల పేరు వెనక ఉన్నది మన ఉక్కే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషువాళ్ళు 'వూట్జ్' అని రాసుకున్న మాట మన ఉక్కు, కన్నడిగుల ఉక్కు అని పండితులు చెప్తారు. అలాంటి దేశంలో 399కి గీతల స్టిక్కరు!

శనివారం పొద్దున ముందు పులివెందులలోనే మొదలుపెట్టాను. పాత బజారు పక్క ఒక కొలిమి ఉంది. కొడవళ్ళకు, పారలకు అక్కడే పదును పెట్టిస్తారు. కమ్మరాయన చాకును తెరిచి, బ్లేడును అటూ ఇటూ ఊపి, "రివిటు మీద ఒక దెబ్బేస్తే బిగుస్తాది. తర్వాత తెరవాలంటే నువ్వు పండ్లతో లాగాల" అన్నాడు. కనీసం నిజం చెప్పాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆయన మాట అర్థం కావాలంటే ఈ చాకు లోపలేముందో తెలియాలి. దీనికి లాక్ ఉండదు. వీపున ఒక స్ప్రింగు పట్టీ, ఇరుసు దగ్గర బ్లేడు మొదట్లో చదరంగా కోసిన ఒక మూల. తెరిచినప్పుడు ఆ మూల పట్టీకి ఆనుకుని 'టక్'మంటుంది. ఆ టక్కే మన వేలికి కాపలా. ముప్పయ్యేళ్ళలో రెండు జరిగాయి. ఒకటి, ఇరుసు సీల తిరిగే బెజ్జం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. రెండు, ఆ చదరపు మూల అరిగి నున్నగా అయింది. రివిటును సుత్తితో బిగిస్తే బ్లేడు ఊగడం ఆగుతుంది, కానీ మూల అలాగే అరిగి ఉంటుంది. అంటే చాకు బిగుతుగా కనిపిస్తూనే ఇంకోసారి వేలు కోస్తుంది. వదులుగా ఉన్న చాకు కన్నా ఇదే ప్రమాదం, ఎందుకంటే అనుమానం రాదు.

ఈ ఇబ్బందిని ఒక్కో దేశం ఒక్కో రకంగా దాటింది. ఫ్రాన్స్‌లో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసిన చెక్కపిడి చాకుకు 1955లో మెడ దగ్గర తిరిగే ఉంగరం వచ్చింది. తిప్పితే బ్లేడు కదలదు. వానలో చెక్క ఉబ్బి బ్లేడు ఇరుక్కుంటే పిడి అడుగును బల్లకు కొట్టి బయటికి తెస్తారు. కొత్తరకం చాకుల్లో ఇరుసుకు సీల బదులు నక్షత్రం తల స్క్రూ ఉంటుంది. చిన్న స్క్రూడ్రైవర్ ఉంటే ఎవరైనా విప్పుకోవచ్చు, బిగించుకోవచ్చు. నా దగ్గరున్న స్విస్ చాకుకు కంపెనీ జీవితకాలం గ్యారంటీ ఇచ్చింది. తయారీలో లోపానికే అది. మామూలు అరుగుదల అందులోకి రాదు. చాకు విషయంలో అరుగుదల కాక ఇంకేముంటుంది చెప్పండి?

మన దేశంలో మడత చాకంటే గుర్తొచ్చేది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. నాలుగున్నర అంగుళాలు దాటిన బ్లేడును అక్కడి ప్రభుత్వం 1990ల్లో నిషేధించాక ఆ పనివాళ్ళు చాలావరకు వేరే దారి చూసుకున్నారు. 2023లో మాత్రం ఊళ్ళో 20 అడుగుల రాంపురి చాకు బొమ్మ నిలబెట్టారు. సెల్ఫీలకు బావుంటుంది.

బస్సు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు పోయింది. ప్రొద్దుటూరుకు నేరుగా పోవచ్చు, కానీ నాకు గండికోట దగ్గర చిన్న పని ఉంది. రాయి పని. మా ఇంట్లో జేజినాయన వాడిన నూరుడురాయి చివరికి నడుం విరిగి రెండయింది. చిన్నాయన కొన్నాళ్ళుగా గడపముందు కడపబండ మీదే రుద్దుతున్నాడు. అది దండగ పని. కడపబండ సున్నపురాయి. అందులోని ఖనిజం గట్టిదనం మోస్ లెక్కలో 3. కాచి ముంచిన ఉక్కు 6కు అటూ ఇటూ. ఉక్కు బండను కోస్తుందే గానీ, బండ ఉక్కును కోయదు. పైగా అంచు నున్నగా మెరిసి పదును వచ్చినట్టు అనిపిస్తుంది. ఉక్కు అరగాలంటే క్వార్ట్జ్ కావాలి, దాని గట్టిదనం 7.

అది మాకు ఇంటి వెనకాలే ఉంది. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో 'కడప బేసిన్' అని ఒక పెద్ద అధ్యాయమే ఉంటుంది. అందులో 'పులివెందుల క్వార్ట్జైట్', 'గండికోట క్వార్ట్జైట్' అని రాతిపొరలకు మా ఊళ్ళ పేర్లే పెట్టారు. పులివెందుల క్వార్ట్జైట్ వయసు 180 కోట్ల ఏళ్ళకు పైనే. సినిమావాళ్ళకు తెలియని పులివెందుల ఇది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే ఆ ఎర్రటి రాయి నిలువునా చీలి కనిపిస్తుంది. అందరూ ఫొటోలు లోయవైపు తీస్తున్నారు. కోటలో రాయి ముట్టుకోకూడదు, ముట్టుకోలేదు కూడా. జమ్మలమడుగు దారిలో రోడ్డుపని కోసం కుప్పపోసిన రాళ్ళలో సన్నటి రవ్వ ఉన్న చదునైన ముక్క ఒకటి ఏరుకున్నాను. అక్కడి మేస్త్రీని అడిగితే, "రాయి కూడా అడుక్కుంటారా సార్ బెంగళూరులో?" అని ఇచ్చేశాడు.

జమ్మలమడుగు దాకా వచ్చి ఉక్కు గురించి రాస్తూ ఫ్యాక్టరీ ఊసెత్తకపోతే బాగుండదు. ఇటువైపు ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, మళ్ళీ 2023లో శంకుస్థాపనలు జరిగాయి. బస్సులో నా పక్కన కూర్చున్నాయన దాని గురించి "శంకుస్థాపనకు వాడిన ఇనుమంతా కలిపినా ఒక చాకు అయ్యుండేది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన కొడుకు ఐటీఐ ఫిట్టర్ చేసి హైదరాబాద్‌లో డెలివరీ పనిలో ఉన్నాడట.

ప్రొద్దుటూరుకు చేరేసరికి రెండయింది. బంగారం అంగళ్ళకు పేరుపడ్డ ఊరు. పెద్ద షోరూముల వెనక సందుల్లోకి పోతే, మెట్లకింద, వసారాల్లో నగలు చేసే కంసాలుల బల్లలుంటాయి. చాకు పట్టుకుని కంసాలి దగ్గరికి పోవాలన్న ఆలోచన పులివెందుల కమ్మరాయనదే. "సన్నపని. మాకు రాదు. బంగారు పని చేసేటోళ్ళను అడుగు" అన్నాడు పొద్దున. మొదటి ఇద్దరూ చేయమన్నారు. మూడో ఆయనకు అరవై దాటాయి. చాకును కంటి దగ్గర పెట్టుకుని, తెరిచి మూసి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"మూల సచ్చిపోయింది నాయనా" అన్నాడు. కారణం నేను చెప్పక ముందే.

ముప్పావుగంట పట్టింది. రివిటు తలను ఆకురాయితో అరగదీసి సీలను బయటికి తట్టాడు. బ్లేడు ఊడివచ్చింది. లోపల నల్లటి బంక, అరటి జిగురూ వంటనూనే కలిసి గట్టిపడింది. "శెనక్కాయల నూనె పోసినారు కదా?" అన్నాడు. జేజినాయన కాలం నుంచీ అదే పోస్తున్నారు. వంటనూనె గాలికి ఆరి బంకవుతుంది, దానికి దుమ్ము అతుక్కుని ఆకురాయిలాగా ఇరుసును తినేస్తుంది. బెజ్జం కోడిగుడ్డు కావడానికి సగం కారణం అదే. కిరసనాయిలుతో కడిగి, బెజ్జాన్ని మళ్ళీ గుండ్రం చేసి, దానికి తగ్గట్టు కొంచెం లావు ఇత్తడి తీగను కొత్త సీలగా వేశాడు. ఉక్కు సీల ఎందుకు వేయలేదంటే, "ఇత్తడైతే సీలే అరుగుతాది, బ్లేడు అరగదు. సీలంటే మళ్ళీ వేసుకోవచ్చు" అన్నాడు. మా ఆఫీసులో ఏది అరగాలో ముందే తేల్చుకుని డిజైన్ చేయండని చెప్పడానికి రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు.

చదరపు మూలను ఆకురాయితో రెండే రెండు గీతలు గీసి మళ్ళీ పదునుగా తేల్చాడు. ఎక్కువ గీస్తే స్ప్రింగు పట్టీకి ఆనదు, తక్కువైతే టక్కు రాదు. ఆ పని చేస్తున్నంతసేపూ మాట్లాడలేదు. రివిటు కొట్టేముందు బ్లేడుకూ పిడి రేకుకూ మధ్య ఒక పలచటి కాయితం ముక్క పెట్టాడు. కొట్టాక దాన్ని లాగేశాడు. ఆ కాయితం మందమే బ్లేడు తిరగడానికి వదిలిన చోటు. కమ్మరాయన చెప్పిన 'పండ్లతో లాగాల' సమస్యకు మందు ఆ కాయితం ముక్క.

ఎంతన్నాను. నూట యాభై అన్నాడు. తిరనాళ్ళ అంగట్లో కొత్త చాకు రెండొందలకే వస్తుంది. ఆ మాట ఆయనే అన్నాడు. ఇలాంటి పని నెలకెన్ని వస్తాయని అడిగితే, చాకులు రావన్నాడు. కళ్ళద్దాల కీలు, పెట్టె తాళం, అప్పుడప్పుడూ ముసలివాళ్ళ అడకత్తెర. నగల పని కూడా మిషన్లలో చేసినవి వచ్చాక తగ్గిపోయింది. కొడుకు ఒక షోరూములో కౌంటర్ మీద ఉన్నాడు. ఏసీ, నెల జీతం, ఆదివారం సెలవు. "బాగానే ఉండాడు" అన్నాడు. ఆ మాటలో బాధేమీ వినిపించలేదు. ఎదురు బల్ల మాత్రం ఖాళీగా ఉంది, దాని మీద ఎవరిదో స్కూటర్ సీటు ఆరబెట్టారు.

నా స్విస్ చాకు కూడా తీసి చూపించాను. తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నాడు. "మంచి పని. కానీ దీన్ని నేను విప్పితే మళ్ళీ ఇట్లే అతికించలేను" అన్నాడు. ఆ లెక్కన దాని ఆయుష్షు కంపెనీ దగ్గరుంది. జేజినాయన చాకు ఆయుష్షు ప్రొద్దుటూరులో ఒక సందులో ఉంది. రెండిట్లో ఏది ఎక్కువ రోజులుంటుందో నాకు నిజంగా తేలలేదు. స్క్రూ ఉన్న చాకు కొనుక్కుంటే ఇద్దరి దగ్గరికీ పోనక్కర్లేదు కదా అంటారేమో. తమ్ముడికి నేను చెప్పిందీ అదే. ఆ గీతల చాకు పారేసి స్క్రూ ఇరుసుదొకటి కొనుక్కున్నాడు.

కొత్తగా కొనేవాళ్ళకు నేను చూసినంతలో చెప్పేది ఇంతే. అంగట్లోనే తెరిచి, బ్లేడు మొన పట్టుకుని పక్కలకు ఊపండి. ఊగితే వద్దు. లాక్ లేనిదైతే తెరిచినప్పుడు టక్కున నిలవాలి. అరటితోటలో వాడితే జిగురు ఆరక ముందే నూనెగుడ్డతో తుడవండి. ఇరుసుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు, వంటింటి నూనె మాత్రం వద్దు. రివిటుదైనా, స్క్రూదైనా ఇవి మారవు.

సాయంత్రం ఇంటికొచ్చాక చిన్నాయన కుట్లేసిన వేలు పైకెత్తి పట్టుకుని, ఎడమచేత్తో చాకు తెరిచాడు. టక్. మళ్ళీ మూసి తెరిచాడు. చిన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచే "ఇంగ సాలు, వేలు మానేదాకా దాన్ని ముట్టుకోవద్దు" అని కేకేసింది. పారేయమని మాత్రం అనలేదు.

పని అయ్యాక ఆ కంసాలాయన వేలెడంత ఇత్తడి తీగ ముక్క తుంచి ఇచ్చాడు. "ఈ లావుదే వేసినా. మళ్ళీ అరిగితే ఇదే వేయించు. నేనుంటే నేనే వేస్తా" అన్నాడు. చిన్నాయన దాన్ని మిషన్ నూనె బుడ్డికి రబ్బరు బ్యాండుతో కట్టి, నేను తెచ్చిన రాయి పక్కనే మోటార్ షెడ్డులో పెట్టాడు. ఇంట్లో పెడితే చిన్నమ్మ సర్దేస్తుందంట.